ఎలక్ట్రిక్ కార్లకి గిరాకీ పెరిగిందా, పడిందా? ఏ దేశం లెక్కో ముందు తేల్చుకుందాం

ఎలక్ట్రిక్ కార్ల పని అయిపోయింది, పెద్ద పెద్ద కంపెనీలే చేతులెత్తేస్తున్నాయి అని ఒక వార్త వస్తుంది. అది చదవడం పూర్తయ్యేలోపే, ప్రపంచంలో అమ్ముడయ్యే ప్రతి నాలుగు కొత్త కార్లలో దాదాపు ఒకటి ఎలక్ట్రిక్ అని ఇంకో వార్త. చదివేవాళ్లకి ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారనే అనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఇప్పుడు కారు కొనాలనుకుంటున్న చాలా ఇళ్లలో ఈ వాదన నడుస్తోంది. కొడుకు ఒక వార్త చూపిస్తే నాన్న ఇంకోటి చూపిస్తారు, మధ్యలో డాలస్ నుంచి బావ ఫోన్ చేసి "ఇక్కడ ఎవరూ కొనట్లేదు, తొందరపడకండి" అంటాడు. నిజానికి వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు, ఒక్కొక్కరు ఒక్కో దేశం గురించి మాట్లాడుతున్నారు, అంతే.

ప్రపంచ ఎలక్ట్రిక్ కార్ మార్కెట్ అనేది ఒకటే మార్కెట్ కాదు. చైనాది ఒక కథ, యూరప్‌ది ఒక కథ, అమెరికాది ఇంకో కథ, నేపాల్, థాయ్‌లాండ్, మన దేశం లాంటి చోట్ల నడుస్తున్నది మరో కథ. ఇవన్నీ కూడితే వచ్చే మొత్తాన్ని పట్టుకుని "ప్రపంచం ఇటు పోతోంది" అంటే, ఆ మాటలో మూడింట రెండు వంతులు చైనా గురించే అవుతుంది. ఈ సంగతి తెలియకుండా ఏ అంకె చూసినా తికమకే.

ముందు మొత్తం అంకెలు చూద్దాం. 2020లో ప్రపంచమంతా కలిపి సుమారు 30 లక్షల ఎలక్ట్రిక్ కార్లు అమ్ముడయ్యాయి. మరుసటి ఏడాది అది 66 లక్షల దాకా వెళ్లింది. 2022లో కోటి దాటింది, 2023లో దాదాపు కోటి 40 లక్షలు, 2024లో కోటి 70 లక్షల పైచిలుకు. 2025లో రెండు కోట్లు దాటాయి. ఒక్క ఏడాది కూడా తగ్గలేదు. మరి గిరాకీ పడిపోయిందని రాసేవాళ్లు ఏం చూసి రాస్తున్నారు? శాతాలు చూసి. 2021లో అమ్మకాలు రెట్టింపుకు మించి పెరిగాయి, 2024లో పాతిక శాతమే పెరిగాయి. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఊపు తగ్గినట్టే కనిపిస్తుంది. కానీ కార్ల లెక్కలో చూడండి: 2021లో అంతకుముందు ఏడాది కంటే అదనంగా అమ్ముడైనవి సుమారు 36 లక్షలు, 2024లో అదనంగా అమ్ముడైనవి సుమారు 35 లక్షలు. అంటే దాదాపు అన్నే కార్లు. 2024లో పెరిగిన ఆ భాగం ఒక్కటే 2020 మొత్తం అమ్మకాల కంటే ఎక్కువ. కింద మొదలుపెట్టిన అంకె చిన్నదైతే శాతం పెద్దగా కనిపిస్తుంది, అంకె పెరిగేకొద్దీ శాతం చిన్నదైపోతుంది. ఈ చిన్న లెక్క మర్చిపోయి రాసిన హెడ్డింగులు నేను చాలా చూశాను.

ఇంకో పక్క, పెట్రోల్, డీజిల్ కార్ల అమ్మకాలు ప్రపంచవ్యాప్తంగా 2017లోనే గరిష్ఠానికి చేరాయి. ఆ తర్వాత ఆ స్థాయికి మళ్లీ రాలేదు. అయితే దీన్ని చూసి పెట్రోల్ బంకులు మూతపడతాయనుకుంటే అది కూడా తొందరపాటే. అమ్మకాలు వేరు, రోడ్డు మీద తిరిగే బండ్లు వేరు. 2024 చివరికి ప్రపంచంలో తిరుగుతున్న ఎలక్ట్రిక్ కార్లు సుమారు 5 కోట్ల 80 లక్షలు, మొత్తం కార్లలో ఇది నూటికి నాలుగు మాత్రమే. కారు కొంటే పది, పదిహేనేళ్లు వాడతాం కాబట్టి, ఈరోజు షోరూంలో వచ్చిన మార్పు రోడ్డు మీద కనబడటానికి చాలా ఏళ్లు పడుతుంది. అయినా ఇంత తక్కువ వాటాతోనే 2024లో అన్ని రకాల ఎలక్ట్రిక్ బండ్లూ కలిసి రోజుకి 13 లక్షల బ్యారెళ్ల చమురు వాడకాన్ని తప్పించాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. మనలాగా చమురులో ఎక్కువ భాగం దిగుమతి చేసుకునే దేశానికి ఇది చిన్న విషయం కాదు.

అసలు ఎలక్ట్రిక్ కారు కింద దేన్ని లెక్కేస్తున్నారు? పైన చెప్పిన అంకెల్లో రెండు రకాలున్నాయి. ఒకటి పూర్తిగా బ్యాటరీతో నడిచేది, టాటా నెక్సాన్ ఈవీ లాంటిది. రెండోది ప్లగిన్ హైబ్రిడ్: ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవచ్చు, బ్యాటరీ అయిపోతే పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది. చైనాలో ఇంకో తరహా కూడా బాగా పోతోంది, అందులో పెట్రోల్ ఇంజిన్ చక్రాల్ని తిప్పదు, బ్యాటరీని నింపడానికి మాత్రమే పనిచేస్తుంది. దాన్ని కూడా ప్లగిన్ లెక్కలోనే వేస్తారు. మన రోడ్ల మీద కనిపించే ఇన్నోవా హైక్రాస్ లాంటి మామూలు హైబ్రిడ్లు మాత్రం ఈ లెక్కలోకి రావు. ఇంత వివరం ఎందుకంటే, 2024లో చైనాలో అమ్ముడైన ఎలక్ట్రిక్ కార్లలో నూటికి నలభైకి పైగా ప్లగిన్లే. అమెరికా కంపెనీ టెస్లా పెద్దదా, చైనా కంపెనీ బీవైడీ పెద్దదా అనే వాదన కూడా ఇక్కడే తిరుగుతుంది. 2024లో బీవైడీ అన్నీ కలిపి 42 లక్షల పైచిలుకు బండ్లు అమ్మింది, అందులో పూర్తి బ్యాటరీ కార్లు సుమారు 17.6 లక్షలు. టెస్లా అన్నీ బ్యాటరీ కార్లే, సుమారు 17.9 లక్షలు. కాబట్టి ఆ ఏడాది ఎవరికి నచ్చిన జవాబు వాళ్లు చెప్పుకోవచ్చు. 2025కి వచ్చేసరికి ఆ సందేహం కూడా పోయింది: టెస్లా 16.4 లక్షలకి తగ్గింది, బీవైడీ బ్యాటరీ కార్లే 22 లక్షలు దాటాయి.

లెక్క ఎక్కడ తీసుకున్నారన్నది కూడా చూడాలి. కంపెనీ నెలనెలా ప్రకటించేది చాలాసార్లు ఫ్యాక్టరీ నుంచి డీలర్‌కి పంపిన బండ్ల సంఖ్య, కస్టమర్ ఇంటికి వెళ్లినవి కాదు. మన దేశంలో డీలర్ల సంఘం ఫాడా రిజిస్ట్రేషన్ల ఆధారంగా ఇచ్చే అంకెలు దానికంటే నమ్మదగినవి. కానీ చాలా ఏళ్లపాటు తెలంగాణ రిజిస్ట్రేషన్లు కేంద్ర ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో చేరలేదు. అందుకే ఫాడా పట్టికల కింద తెలంగాణ అంకెలు ఇందులో లేవని చిన్న అక్షరాల్లో ఉండేది. అంటే దేశంలో ఈవీల గురించి మాట్లాడుకున్నన్ని ఏళ్లూ ఆ పట్టికల్లో హైదరాబాద్ లాంటి పెద్ద మార్కెట్ లేదు. జాతీయ అంకె చూసి మన ఊరి సంగతి ఊహించే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక చైనా. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మిగతా అన్ని కథలూ ఇక్కడి నుంచే మొదలవుతాయి. 2024లో అక్కడ కోటి 10 లక్షలకు పైగా ఎలక్ట్రిక్ కార్లు అమ్ముడయ్యాయి, ఆ ఏడాది అమ్ముడైన కార్లలో దాదాపు సగం. నెలవారీ చూస్తే 2024 జులైలోనే సగం దాటేసింది. దీన్ని సబ్సిడీల మాయ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. సబ్సిడీలు ఇచ్చిన మాట నిజమే, 2009 ప్రాంతం నుంచి పదమూడేళ్లకు పైగా ఇచ్చారు. బీజింగ్, షాంఘై లాంటి చోట్ల పెట్రోల్ కారుకి నంబర్ ప్లేట్ దొరకాలంటే లాటరీలో పేరు రావాలి, లేదా వేలంలో బోలెడు డబ్బు పెట్టాలి. ఎలక్ట్రిక్ కారుకి ఆ బాధ తక్కువ. కానీ కేంద్ర ప్రభుత్వం కొనుగోలు మీద ఇచ్చే సబ్సిడీ 2022 చివర్లో ఆగిపోయింది, అమ్మకాలు ఆగలేదు. పాత బండి మార్చుకుంటే ఇచ్చే డబ్బు, పన్ను మినహాయింపు లాంటివి ఉన్నాయనుకోండి, అయినా అసలు కారణం వేరే ఉంది.

ఆ కారణం ధర. 2024లో చైనాలో అమ్ముడైన ఎలక్ట్రిక్ కార్లలో మూడింట రెండు వంతులు, ఏ ప్రోత్సాహకమూ లెక్కలోకి తీసుకోకపోయినా, అదే తరగతి పెట్రోల్ కారు కంటే చవక. అదే జర్మనీలో బ్యాటరీ కారు సగటున 20 శాతం ఖరీదెక్కువ, అమెరికాలో 30 శాతం. ప్రపంచంలో ఎక్కడ ఎంత అమ్ముడవుతున్నాయో చెప్పడానికి ఈ మూడు అంకెలే దాదాపు సరిపోతాయని నా నమ్మకం. బీవైడీ వాళ్ల సీగల్ అనే చిన్న కారు అక్కడ 70 వేల యువాన్ల దగ్గర మొదలైంది, మన డబ్బులో ఎనిమిదిన్నర లక్షల దరిదాపు. నలుగురు కూర్చునే, మూడొందల కిలోమీటర్లు వెళ్తుందని చెప్పే కారు ఆ ధరకి దొరికితే పర్యావరణం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

అంత చవకగా ఎలా ఇవ్వగలుగుతున్నారంటే ప్రధానంగా బ్యాటరీ వల్ల. 2010లో బ్యాటరీ ప్యాక్ ధర ఒక కిలోవాట్ అవర్‌కి, అంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్‌కి, వెయ్యి డాలర్ల పైనే. ఇంధన రంగ పరిశోధన సంస్థ బ్లూంబర్గ్‌ఎన్‌ఈఎఫ్ లెక్క ప్రకారం 2024లో అది ప్రపంచ సగటున 115 డాలర్లు. 45 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, అంటే మన నెక్సాన్ ఈవీలో వచ్చే సైజు, తీసుకుంటే 2010లో ఒక్క బ్యాటరీకే 45 వేల డాలర్లు, 2024లో ఐదు వేల చిల్లర. ప్రపంచంలో తయారయ్యే బ్యాటరీ సెల్స్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా చైనాలోనే తయారవుతాయి, అక్కడ ధర ఈ సగటు కంటే ఇంకా తక్కువ. నికెల్, కోబాల్ట్ అవసరం లేని ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీని వాళ్లు పట్టుబట్టి మెరుగుపరిచారు. ఒకప్పుడు దీనితో రేంజ్ రాదని పక్కన పెట్టేసిన రకమే ఇది. ఇప్పుడు మన దగ్గర అమ్ముడవుతున్న ఈవీల్లో ఎక్కువ వాటిలో ఉన్నదీ ఇదే. వేడికి తట్టుకుంటుంది, ఎక్కువ ఏళ్లు వస్తుంది. హైదరాబాద్ ఎండలకి ఇది మంచిదే.

చైనాలో అంతా బాగుందని కాదు. వందకు పైగా బ్రాండ్లు ఒకదాని మీద ఒకటి పడి ధరలు తగ్గించుకుంటున్నాయి, లాభాలు వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. విడిభాగాలు ఇచ్చేవాళ్లకి నెలల తరబడి డబ్బు ఇవ్వకపోవడం ఎంత దూరం వెళ్లిందంటే, ప్రభుత్వ ఒత్తిడితో 2025 జూన్‌లో పెద్ద కంపెనీలన్నీ 60 రోజుల్లో చెల్లిస్తామని మాటివ్వాల్సి వచ్చింది. ఇంట్లో మిగిలిపోయిన సామర్థ్యం బయటికి పోతుంది కదా. 2024లో చైనా నుంచి దాదాపు 12.5 లక్షల ఎలక్ట్రిక్ కార్లు ఎగుమతి అయ్యాయి. ఇంకో సంగతి: 2025 చివరి దాకా అక్కడ కొత్త ఎలక్ట్రిక్ కారు మీద కొనుగోలు పన్ను పూర్తిగా లేదు, 2026, 2027ల్లో సగం కట్టాలి. ఇలాంటి మార్పు ఉన్నప్పుడు జనం గడువులోపే కొనేస్తారు, తర్వాత కొన్ని నెలలు షోరూంలు వెలవెలబోతాయి. 2026 మొదటి నెలల అంకెల్ని పట్టుకుని చైనా కథ ముగిసిందని తేల్చేయకండి, కనీసం సగం ఏడాది గడవనివ్వండి.

యూరప్ సంగతికొస్తే అక్కడ కొనేవాడి ఇష్టం కంటే రూల్స్ ఎక్కువ పనిచేస్తాయి. 2023 డిసెంబర్‌లో జర్మనీ ప్రభుత్వం, బడ్జెట్ మీద కోర్టు తీర్పు దెబ్బకి, ఎలక్ట్రిక్ కార్ల సబ్సిడీని ఉన్నట్టుండి ఆపేసింది. 2024లో అక్కడ బ్యాటరీ కార్ల అమ్మకాలు 27 శాతం పడ్డాయి. యూరప్‌లో అతి పెద్ద మార్కెట్ అది, కాబట్టి ఖండం మొత్తం అంకె అక్కడే నిలబడిపోయింది. ఎలక్ట్రిక్ కార్ల పని అయిపోయిందనే వార్తల్లో సగం ఆ ఏడాదివే. అదే ఏడాది బ్రిటన్‌లో పెరిగాయి, ఎందుకంటే అక్కడ ప్రతి కంపెనీ తన అమ్మకాల్లో ఇంత శాతం కాలుష్యం లేని కార్లు ఉండాలని చట్టం పెట్టారు. 2025లో యూరోపియన్ యూనియన్ కార్బన్ పరిమితులు బిగిశాయి. కంపెనీలు అప్పటిదాకా దాచుకున్న చవక మోడళ్లు, రెనో 5, సిట్రోయెన్ సీ3 ఎలక్ట్రిక్ లాంటివి, సరిగ్గా ఆ సమయానికే మార్కెట్‌లో నిలదొక్కుకున్నాయి. యూరప్ అమ్మకాలు ఆ ఏడాది దాదాపు మూడో వంతు పెరిగాయి. గడువు వచ్చేదాకా ఆగి, గడువు వచ్చాక అమ్మడం కంపెనీలకి లాభం. ఇది ప్రతి ఐదేళ్లకీ జరిగే తంతే. అయితే 2035 తర్వాత పెట్రోల్ కార్లు వద్దన్న నిబంధనను సడలించాలని 2025 డిసెంబర్‌లో యూరోపియన్ కమిషనే ప్రతిపాదించింది, కాబట్టి అక్కడి కథ ఇంకా తేలలేదు.

చైనా కార్లని ఆపడానికి యూరప్ 2024 అక్టోబర్‌లో అదనపు సుంకాలు వేసింది, మామూలు 10 శాతానికి తోడు బీవైడీకి 17 శాతం, ఎంజీ బ్రాండ్ యజమాని సాయిక్‌కి 35 శాతం. కానీ అవి బ్యాటరీ కార్లకే. ప్లగిన్ హైబ్రిడ్లకి వర్తించవు. దాంతో చైనా కంపెనీలు ప్లగిన్లు పంపడం పెంచాయి. కార్లని ఏ రకం కింద లెక్కేస్తారన్నది ఎంత ముఖ్యమో దీన్ని చూస్తే తెలుస్తుంది.

నార్వే పేరు అందరూ చెబుతారు. 2025లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 96 శాతం బ్యాటరీవే. చమురు అమ్మి బతికే దేశం ఇలా మారడం గొప్ప విషయమే, కాకపోతే పెట్రోల్ కారు మీద భారీ పన్నులు వేసి, ఎలక్ట్రిక్ కారుకి 25 శాతం వ్యాట్ ఏళ్ల తరబడి మాఫీ చేస్తే వచ్చిన ఫలితం అది. పైగా ఏడాదికి లక్షన్నర అటూ ఇటూ కార్లు అమ్ముడయ్యే దేశం.

డాలస్ బావ చెప్పిన మాటకి ఇప్పుడు వద్దాం. అమెరికాలో 2024లో 16 లక్షల ఎలక్ట్రిక్ కార్లు అమ్ముడయ్యాయి, కొత్త కార్లలో నూటికి పది. ప్రపంచ ఎలక్ట్రిక్ అమ్మకాల్లో చూస్తే పదో వంతు కూడా కాదు. అక్కడ కొనేవాళ్లకి కేంద్రం ఇచ్చే 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబర్ 30తో ముగిసింది. ముగిసేముందు మూడు నెలలు రికార్డు అమ్మకాలు, ముగిశాక ఒక్కసారిగా పతనం. డిసెంబర్‌లో ఫోర్డ్ ఎలక్ట్రిక్ ప్రణాళికలు తగ్గించుకుంటూ 1,950 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కల్లో చూపించబోతున్నట్టు ప్రకటించింది, ఎఫ్-150 లైట్నింగ్ బ్యాటరీ ట్రక్కు తయారీ ఆపేసింది. చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద 2024 నుంచే వంద శాతం సుంకం ఉంది కాబట్టి చవక పోటీ అక్కడ అడుగుపెట్టే దారి లేదు. చవక కారు లేదు, రాయితీ పోయింది, పెట్రోల్ మన దగ్గరకంటే చవక. మరి ఎవరు కొంటారు? బావ చెప్పింది అక్షరాలా నిజం. కాకపోతే మనం చదివే అంతర్జాతీయ వార్తల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి వస్తాయి, మన బంధువులూ అక్కడే ఎక్కువ. అందుకే ఆ పదో వంతు మార్కెట్ గొంతు మనకి అందరికంటే గట్టిగా వినబడుతుంది.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది పేద, మధ్యతరగతి దేశాల్లో జరుగుతున్నది. ఆసియా, లాటిన్ అమెరికాల్లోని ఇలాంటి దేశాల్లో 2024లో అమ్మకాలు 60 శాతానికి పైగా పెరిగాయి. మన పక్కనే ఉన్న నేపాల్‌లో ఇటీవల దిగుమతయ్యే కార్లలో నూటికి డెబ్భై దాకా ఎలక్ట్రిక్‌వే. వాళ్లకి చమురు లేదు, నదులున్నాయి, జల విద్యుత్ ఉంది. 2015లో సరిహద్దు దిగ్బంధంతో పెట్రోల్ దొరక్క పడిన పాట్లు ఇంకా మర్చిపోలేదు. పెట్రోల్ కారు మీద భారీ పన్ను, ఎలక్ట్రిక్ మీద బాగా తక్కువ. ఇథియోపియా అయితే 2024లో పెట్రోల్, డీజిల్ కార్ల దిగుమతినే ఆపేసింది. వియత్నాంలో సొంత కంపెనీ విన్‌ఫాస్ట్ 2024లో అన్ని బ్రాండ్లనీ దాటి మొదటి స్థానానికి వచ్చింది. 2025 ఆగస్టులో మన తూత్తుకుడిలో ప్లాంట్ కూడా తెరిచింది. బ్రెజిల్‌లో ఫోర్డ్ వదిలేసి వెళ్లిన కమసారి ప్లాంట్‌ని బీవైడీ తీసుకుంది. మన సానంద్‌లో ఫోర్డ్ వదిలేసిన ప్లాంట్‌ని టాటా తీసుకుంది, ఇప్పుడక్కడ నెక్సాన్ ఈవీ తయారవుతోంది. డబ్బున్న దేశాలు ముందు మారతాయి, మిగతావాళ్లు పదేళ్ల తర్వాత వాళ్ల వెనక నడుస్తారని అందరూ అనుకున్నారు. అలా జరగట్లేదు.

మన దేశం ఇందులో ఎక్కడుంది? 2024లో దేశంలో అమ్ముడైన ఎలక్ట్రిక్ కార్లు దాదాపు లక్ష, మొత్తం కార్లలో రెండున్నర శాతం లోపు. 2025లో లక్షా 70 వేలు దాటాయి, సుమారు 4 శాతం. చైనా పక్కన ఇది ఎంత చిన్న అంకెనో చెప్పక్కర్లేదు. కానీ కార్లు మాత్రమే చూస్తే మన దేశం అర్థం కాదు. ప్రపంచంలో అతి పెద్ద ఎలక్ట్రిక్ మూడు చక్రాల బండ్ల మార్కెట్ మనది, 2023లో చైనాని దాటేశాం. 2024లో దేశంలో అమ్ముడైన ఆటోల్లో, ఈ-రిక్షాల్లో సగానికి పైగా బ్యాటరీవే. రోజుకి వందకు పైగా కిలోమీటర్లు తిప్పే ఆటో డ్రైవర్‌కి ప్రతి కిలోమీటర్ ఖర్చూ కంటి ముందు ఉంటుంది. అందుకే అతను ముందు మారాడు.

కారు కొనేవాళ్లు నెమ్మదిగా మారడానికి కారణం మొదటి ఖర్చు. జీఎస్టీ ఈవీ మీద 5 శాతమే. చిన్న పెట్రోల్ కారు మీద సెస్‌తో కలిపి 29 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18కి తగ్గించారు. అంటే ఈవీకి ఉన్న 24 శాతం తేడా 13కి పడిపోయింది. ఎనిమిది, తొమ్మిది లక్షల పెట్రోల్ కారు పక్కన పన్నెండు లక్షల ఈవీని అమ్మడం ఇంకా కష్టమైంది. పెద్ద పెట్రోల్, డీజిల్ ఎస్‌యూవీల మీద ఇప్పటికీ 40 శాతం ఉంది కాబట్టి మహీంద్రా బీఈ 6, క్రెటా ఎలక్ట్రిక్ లాంటివి ఆ పోటీలో పరవాలేదు. చిన్న కార్లే ఇరుక్కున్నాయి. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన ఎంజీ విండ్సర్ ఈ చిక్కుని వేరే దారిలో దాటింది: బ్యాటరీ లేకుండా కారు 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటర్‌కి మూడున్నర రూపాయల అద్దె అని మొదలుపెట్టి, కొన్ని నెలలపాటు దేశంలో ఎక్కువ అమ్ముడైన ఈవీ అయింది. ఎక్కువ తిరిగేవాళ్లకి ఆ అద్దె గిట్టుబాటు కాదు, తక్కువ తిరిగేవాళ్లకి నయమే. కానీ షోరూంలోకి అడుగుపెట్టించింది మాత్రం ఆ పది లక్షల లోపు అంకే.

హైదరాబాద్‌లో లెక్క ఇంకొంచెం మారుతుంది. 2024 నవంబర్ నుంచి తెలంగాణ ప్రభుత్వం ఈవీలకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. పదిహేను లక్షల పెట్రోల్ కారుకి 17 శాతం వేసుకున్నా రెండున్నర లక్షలు ట్యాక్స్ కింద పోతాయి. షోరూంలో ఆన్‌రోడ్ ధర కాగితం అడిగి, పెట్రోల్‌దీ ఈవీదీ పక్కపక్కన పెట్టి చూడండి, చాలా మోడళ్లలో తేడా దాదాపు చెరిగిపోతుంది. తర్వాత నడిపే ఖర్చు. లీటర్ పెట్రోల్ 107 రూపాయలు అనుకుని, మన ట్రాఫిక్‌లో 13 కిలోమీటర్లు వస్తే కిలోమీటర్‌కి ఎనిమిది రూపాయల పైనే. ఈవీ ఒక యూనిట్‌కి ఆరు, ఏడు కిలోమీటర్లు వెళ్తుంది. ఇంట్లో కరెంటు పై శ్లాబ్‌లో పడి యూనిట్ పది రూపాయలైనా, కిలోమీటర్‌కి రూపాయిన్నర. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగితే ఆరున్నర వేలు మిగులుతాయి. బయట ఫాస్ట్ చార్జర్ దగ్గర యూనిట్ ఇరవై రూపాయలు, ఆపైన పడుతుంది. రోజూ అక్కడే పెడితే ఆ మిగులు బాగా కరిగిపోతుంది.

కాబట్టి అంతా ఇంట్లో చార్జింగ్ మీదే ఉంది, మన ఊళ్లో అసలు పీటముడి అక్కడే పడుతుంది. సొంత ఇల్లున్నవాళ్లకి ఏ టెన్షనూ లేదు. కూకట్‌పల్లిలోనో మియాపూర్‌లోనో పదిహేనేళ్ల కిందటి అపార్ట్‌మెంట్ సంగతి చూడండి: సెల్లార్‌లో ఒక మూల మీటర్ల బోర్డు, మీ పార్కింగ్ ఇంకో మూల, మధ్యలో నలుగురి కార్ల మీదుగా కేబుల్ లాగాలి. ఫ్లాట్‌కి ఉన్న శాంక్షన్ లోడ్ ఐదు కిలోవాట్లయితే 7.2 కిలోవాట్ల వాల్ చార్జర్‌కి సరిపోదు, లోడ్ పెంచమని డిస్కంకి దరఖాస్తు పెట్టాలి. 15 ఆంప్స్ సాకెట్‌లో పెట్టుకునే చిన్న చార్జర్‌తో నడిపించవచ్చు, ఖాళీ బ్యాటరీ నిండటానికి పద్నాలుగు, పదిహేను గంటలు పట్టినా, రోజుకి నలభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకి రాత్రి రెండు మూడు గంటలు చాలు. కానీ అసోసియేషన్ ఒప్పుకోవాలి. మంటలంటుకుంటాయేమోనని ఒకరు, కామన్ కరెంటు వాడేస్తారేమోనని ఇంకొకరు, వాట్సాప్ గ్రూప్‌లో నెలల తరబడి చర్చ. మా దగ్గర ఒక పెద్దాయన ప్రెసిడెంట్‌ని "అన్నా, నా మీటర్ నుంచి నా పార్కింగ్‌కి వైరే కదా, ఏంటి సమస్య?" అని మీటింగ్‌లో అడిగితే, ప్రెసిడెంట్ దగ్గర కూడా జవాబు లేదు, భయం తప్ప. సొంత కనెక్షన్ నుంచే ఇంటి టారిఫ్‌తో ఈవీ చార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఆ కాగితం ప్రింట్ తీసి మీటింగ్‌కి తీసుకెళ్లడం మంచిది.

మన కార్లలో చైనా భాగం ఎంతుందన్నది కూడా తెలుసుకోవాలి. బ్యాటరీ సెల్స్ ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. మోటార్లలో వాడే అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతి మీద 2025 ఏప్రిల్‌లో చైనా ఆంక్షలు పెట్టగానే మన టూవీలర్ కంపెనీల ఉత్పత్తికి దెబ్బ తగిలింది. 2023లో బీవైడీ, మన హైదరాబాద్ మేఘా ఇంజినీరింగ్ కలిసి వంద కోట్ల డాలర్ల ప్లాంట్ పెడతామంటే కేంద్రం ఒప్పుకోలేదని వార్తలొచ్చాయి. మేఘా గ్రూపులోని ఒలెక్ట్రా ఏళ్లుగా బీవైడీ టెక్నాలజీతోనే బస్సులు తయారుచేస్తోంది, మన ఆర్టీసీలో తిరిగేవాటిలో అవీ ఉన్నాయి. భద్రత విషయంలో ప్రభుత్వ జాగ్రత్తని నేను తప్పుపట్టను. కానీ చవక కారుని బయట నుంచి రానివ్వనప్పుడు ఇక్కడే చవక సెల్ తయారవ్వాలి, లేకపోతే మనం అమెరికా దారిలో వెళ్తాం తప్ప చైనా దారిలో కాదు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా కడుతున్న సెల్ ఫ్యాక్టరీ లాంటివి ఎంత త్వరగా, ఎంత ధరకి సెల్స్ ఇవ్వగలవన్నది కార్ల షోరూం ప్రకటనలన్నిటికంటే ముఖ్యమని నేననుకుంటాను.

తెలంగాణ రోడ్ ట్యాక్స్ మినహాయింపు 2026 డిసెంబర్ 31 వరకే. పొడిగిస్తే సరే, పొడిగించకపోతే జర్మనీలో, అమెరికాలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది: ఆఖరి రెండు మూడు నెలలు తోపులాట, కొత్త సంవత్సరంలో షోరూంలు ఖాళీ. అప్పుడు వచ్చే అంకెల్ని చూసి మోసపోవద్దు. కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు డిసెంబర్ దాకా ఆగితే, కోరుకున్న మోడల్‌కి వెయిటింగ్ పెరిగి రిజిస్ట్రేషన్ గడువు దాటిపోయే ప్రమాదం ఉంది, ఎందుకంటే బుకింగ్ తేదీ కాదు, రిజిస్ట్రేషన్ తేదీయే లెక్క. లోడ్ పెంపు, అసోసియేషన్ అనుమతి ఈ రెండింటికీ కలిపి ఎన్ని వారాలు పడుతుందో ముందు కనుక్కుని, బుకింగ్ ఆ తర్వాత పెట్టుకోండి.